పాత సర్వర్ నుంచి కొత్తదానికి: మెషిన్ మార్పునీ సాఫ్ట్‌వేర్ మార్పునీ ఒకే రాత్రి పెట్టుకోకండి

చిన్న ఆఫీసుల్లో సర్వర్ అంటే మామూలుగా ఒకటే ఉంటుంది. ఏడెనిమిదేళ్ళ కింద ఎవరో పెట్టి వెళ్ళుంటారు, అప్పట్నుంచి ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, ఫైళ్ళు అందులోనే, అకౌంట్స్ డేటాబేస్ అందులోనే, అందరి లాగిన్లూ అందులోనే, ప్రింటర్లు, పేర్లని ఐపీ అడ్రస్‌లుగా మార్చే డీఎన్ఎస్, కంప్యూటర్లకి ఆ అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ, ఇంకా ఎందుకు పెట్టారో ఎవరికీ గుర్తులేని నాలుగైదు పనులు కూడా అందులోనే. దీన్ని మార్చాలి అనగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న "డేటా కాపీ అవడానికి ఎంతసేపు పడుతుంది?" అని. మొత్తం పనిలో కాపీ చాలా తేలికైన ముక్క అండీ. మనం ఒక పని అనుకునేది అసలు రెండు పనులు, మెషిన్ మార్చడం ఒకటి, దానిమీద నడిచే సాఫ్ట్‌వేర్ వెర్షన్లు మార్చడం ఇంకొకటి. ఈ రెండూ కలిపి ఒకే శనివారం రాత్రి చేసేద్దాం అనుకోవడం దగ్గరే తొంభై కష్టాలు మొదలవుతాయి.

ఎందుకో చెప్తా. మార్చేశారు, సోమవారం పొద్దున్నే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ నత్తనడక నడుస్తోంది. కారణం కొత్త డిస్కా? కొత్త ఆపరేటింగ్ సిస్టమా? డేటాబేస్ వెర్షన్ మారిందా? నెట్‌వర్క్ కార్డు డ్రైవరా, లేక కొత్తగా వచ్చిన యాంటీవైరస్ ప్రతి ఫైలునీ తెరిచి చూస్తోందా? ఒకేసారి అయిదు మార్చాం కాబట్టి అయిదిట్లో ఏదైనా కావచ్చు, అందరూ నెత్తిమీద నిలబడి ఉండగా ఒక్కొక్కటీ వెతుక్కోవాలి. అదే మెషిన్ ఒక్కటే మారి ఉంటే వెతకాల్సిన చోటు ఒకటే.

అసలు మార్చడం ఎందుకు అన్నదానికి కూడా ఇలాగే రెండు కారణాలు కలిసిపోయి ఉంటాయి. డిస్కులు పాతబడటం ఒకటి, సాఫ్ట్‌వేర్‌కి సపోర్ట్ అయిపోవడం రెండోది. విండోస్ సర్వర్ 2012, 2012 ఆర్2 రెండిటికీ మామూలు సపోర్ట్ 2023 అక్టోబర్ 10తో అయిపోయింది. 2016కి 2027 జనవరి 12 దాకా ఉంది. లినక్స్ వైపు సెంటోస్ 7కి 2024 జూన్ 30తో ముగిసింది. సపోర్ట్ అయిపోయిన రోజున మెషిన్ ఆగిపోదు, అందుకే చాలామంది పట్టించుకోరు, "బానే నడుస్తోంది కదా" అంటారు. ఆగిపోయేది సెక్యూరిటీ ప్యాచ్‌లు. 2017 మేలో వన్నాక్రై అని ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్ వచ్చినప్పుడు అది దూరిన కన్నానికి మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చిలోనే ప్యాచ్ ఇచ్చేసింది, అది వేసుకున్న మెషిన్లలోకి ఆ దారిన రాలేకపోయింది, వేసుకోనివి, అసలు ప్యాచ్‌లే రాని పాత వెర్షన్లు దొరికిపోయాయి. రెండు నెలల తేడా.

సరే, విడదీయడం ఎలా? నాకు బాగా పనికొచ్చిన పద్ధతి ఏంటంటే కొత్త మెషిన్ మీద నేరుగా ఆఫీసు సర్వర్‌ని ఇన్‌స్టాల్ చేయకుండా ముందు ఒకే మెషిన్ మీద చాలా కంప్యూటర్లని సాఫ్ట్‌వేర్‌గా నడిపే హైపర్‌వైజర్ పెట్టుకోవడం, అంటే హైపర్-వీ గానీ ప్రాక్స్‌మాక్స్ గానీ, దానిమీద వర్చువల్ మెషిన్లుగా అన్నీ నడపడం. అప్పుడు పాత సర్వర్‌ని ఉన్నదున్నట్టు డిస్క్‌తో సహా ఒక వర్చువల్ మెషిన్‌గా మార్చి కొత్త హార్డ్‌వేర్ మీద లేపొచ్చు, దీనికి మైక్రోసాఫ్ట్ వాళ్ళ సిస్‌ఇంటర్నల్స్‌లో డిస్క్2వీహెచ్‌డీ అని చిన్న టూల్ ఉచితంగా దొరుకుతుంది. పాత మెషిన్ బయోస్ పద్ధతిలో బూట్ అయ్యేదైతే హైపర్-వీలో జనరేషన్ 1 ఎంచుకోవాలి, యూఈఎఫ్ఐ అయితే జనరేషన్ 2, ఇది తప్పు ఎంచుకుంటే నల్ల స్క్రీన్ చూస్తూ కూర్చోవాలి. ఇలా చేస్తే హార్డ్‌వేర్ మార్పు అయిపోయింది, సాఫ్ట్‌వేర్ ఒక్క అక్షరం మారలేదు. నెలో రెండు నెలలో స్థిమితంగా ఒక్కో పనినీ కొత్త వెర్షన్‌కి తీసుకెళ్ళొచ్చు. అయితే ఇది మజిలీ మాత్రమే, కొత్త మెషిన్‌లో పడుకున్నా లోపల ఉన్నది అదే సపోర్ట్ లేని ఆపరేటింగ్ సిస్టమ్, దాన్ని అలా ఏళ్ళ తరబడి వదిలేయడానికి వీల్లేదు.

ఇక్కడ లైసెన్స్ మెలిక ఒకటి ఉంది. మెషిన్‌తో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్స్ ఆ మెషిన్‌కే కట్టుబడి ఉంటుంది, కొత్తదానికి తీసుకెళ్ళే హక్కు ఉండదు. కాబట్టి కొత్త లైసెన్స్‌తో పాత వెర్షన్ నడుపుకోవచ్చా లేదా అన్నది కొనేముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. విండోస్ సర్వర్ స్టాండర్డ్‌ని ఇప్పుడు కోర్‌ల లెక్కన అమ్ముతారు, సర్వర్‌కి కనీసం 16 కోర్‌లకి కొనాలి, మీ ప్రాసెసర్‌లో 8 కోర్‌లే ఉన్నా సరే. అన్ని కోర్‌లకీ ఒకసారి లైసెన్స్ తీసుకుంటే రెండు వర్చువల్ మెషిన్లు నడుపుకోవచ్చు. చిన్న ఆఫీసుకి ఇది సరిగ్గా సరిపోతుంది, ఒకటి అందరి లాగిన్లూ చూసే డొమైన్ కంట్రోలర్‌గా, రెండోది ఫైళ్ళకీ అప్లికేషన్లకీ. సర్వర్‌ని వాడే మనుషులకో పరికరాలకో తీసుకునే సీఏఎల్ అనే లైసెన్స్‌లు కూడా కొత్త వెర్షన్‌కి కొత్తవి కావాలి, చాలామంది బడ్జెట్‌లో మర్చిపోయేది ఇదే.

డొమైన్ కంట్రోలర్‌ని మాత్రం పైన చెప్పినట్టు కాపీ కొట్టి లేపొద్దు. పాతదీ దాని కాపీ కూడా ఒకేసారి నెట్‌వర్క్‌లో బతికి ఉంటే యూజర్ల చిట్టా ఉండే యాక్టివ్ డైరెక్టరీ లెక్కలు తలకిందులవుతాయి. అసలు ఆ అవసరమే లేదు, యాక్టివ్ డైరెక్టరీని తయారుచేసిందే ఇలాంటి మార్పు కోసం, కొత్త సర్వర్‌ని రెండో డొమైన్ కంట్రోలర్‌గా చేరిస్తే యూజర్లూ పాస్‌వర్డ్‌లూ గ్రూపులూ అన్నీ దానంతటదే తెచ్చుకుంటుంది. ఆ తర్వాత ఫిస్మో అని పిలిచే, ఒకేసారి ఒక్క కంట్రోలర్ దగ్గరే ఉండే అయిదు రోల్స్ కొత్తదానికి ఇవ్వాలి, డీహెచ్‌సీపీలో డీఎన్ఎస్ అడ్రస్ కొత్తదానిది పెట్టాలి, కొన్ని రోజులు రెండూ నడవనివ్వాలి, అప్పుడు పాతదాన్ని పద్ధతిగా డిమోట్ చేయాలి, అంటే డొమైన్ కంట్రోలర్ పదవి తీసేయాలి. ఊరికే ప్లగ్గు పీకేస్తే దాని పేరు డైరెక్టరీలో దెయ్యంలా మిగిలిపోయి నెలల తర్వాత ఎక్కడో ఒకచోట ఎర్రర్‌గా బయటపడుతుంది.

కానీ మొదలుపెట్టే ముందు పాత డొమైన్ ఆరోగ్యం చూడండి. మరీ పాత రోజుల్లో మొదలైన డొమైన్ అయితే కంట్రోలర్లన్నీ పంచుకునే సిస్‌వాల్ ఫోల్డర్ ఇంకా ఎఫ్ఆర్ఎస్ అనే పాత పద్ధతిలోనే రెప్లికేట్ అవుతూ ఉండొచ్చు, దాన్ని కొత్త పద్ధతి అయిన డీఎఫ్ఎస్ఆర్‌కి మార్చకపోతే సర్వర్ 2019 నుంచి పైవి డొమైన్ కంట్రోలర్‌గా చేరనే చేరవు. సర్వర్ 2025 అయితే ఇంకో మెట్టు, డొమైన్ ఏ వెర్షన్ ఫీచర్లతో నడుస్తోందో చెప్పే ఫంక్షనల్ లెవెల్ కనీసం 2016 ఉండాలంటుంది. అంటే 2012 ఆర్2 ఒక్కటే ఉన్న ఆఫీసు నేరుగా 2025 డొమైన్ కంట్రోలర్‌కి దూకలేదు, మధ్యలో 2016 నుంచి 2022 దాకా ఏదో ఒకదాన్ని పెట్టి, పాతదాన్ని తీసేసి, లెవెల్ పెంచి, అప్పుడు వెళ్ళాలి. ఇది ఆ రాత్రి పదకొండింటికి తెలిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఇంకో చిన్న విషయం, గడియారాలు. డొమైన్ లాగిన్లని సరిచూసే కెర్బరోస్ మామూలు సెట్టింగ్‌లో 5 నిమిషాల తేడా దాటితే లాగిన్ ఒప్పుకోదు, వర్చువల్ మెషిన్ టైమ్ హోస్ట్ దగ్గర్నుంచి తీసుకుంటూ హోస్ట్ ఆ వర్చువల్ మెషిన్ దగ్గర్నుంచే తీసుకుంటూ ఉంటే రెండూ కలిసి మెల్లగా పక్కకి జరిగిపోతాయి. బయటి టైమ్ సర్వర్‌కి కట్టండి.

ఇప్పుడు నేను అన్నిటికంటే ఎక్కువ టైమ్ పెట్టమనే చోటుకి వస్తా, పాత సర్వర్ అసలు ఏమేం చేస్తోందో రాసుకోవడం. ఏ పుట్టలో ఏ పాముందో మనుషుల్ని అడిగితే సగమే తెలుస్తుంది, మిగతా సగం సర్వర్‌నే అడగాలి. కనీసం ఒక నెలాఖరు కలిసేలా చూడండి, ఎందుకంటే నెలకొక్కసారే నడిచే రిపోర్టులు, మూణ్ణెల్లకోసారి ఎవరో తీసే ఎక్స్‌పోర్టులు వారం రోజులు చూస్తే కనపడవు. షెడ్యూల్డ్ టాస్క్‌లన్నీ రాసుకోండి, ప్రతి సర్వీస్ ఏ అకౌంట్‌తో నడుస్తోందో రాసుకోండి, నెట్‌వర్క్‌లో పంచిన ఫోల్డర్లు, అంటే షేర్లన్నీ రాసుకోండి, ఏ కంప్యూటర్ నుంచి ఏ పోర్ట్‌కి కనెక్షన్లు వస్తున్నాయో రోజులో నాలుగైదు సార్లు నెట్‌స్టాట్ కమాండ్‌తో తీసి దాచండి, సర్టిఫికెట్లు ఎప్పుడు అయిపోతాయో చూడండి, వెనక యూఎస్‌బీలో ఏదైనా లైసెన్స్ డాంగిల్, అంటే అది గుచ్చి ఉంటేనే సాఫ్ట్‌వేర్ నడిచే చిన్న పరికరం, వేలాడుతోందేమో వంగి చూడండి. వర్చువల్ మెషిన్‌కి డాంగిల్ ఇవ్వడం హైపర్-వీలో నేరుగా కుదరదు, నెట్‌వర్క్ మీద యూఎస్‌బీ ఇచ్చే పరికరం వాడాలి, లేదా సాఫ్ట్‌వేర్ వాళ్ళని వేరే రకం లైసెన్స్ అడగాలి. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు నెట్‌వర్క్ కార్డు అడ్రస్‌నో డిస్క్ నంబర్‌నో చూసి యాక్టివేట్ అవుతాయి, హార్డ్‌వేర్ మారగానే అవి మళ్ళీ యాక్టివేషన్ అడుగుతాయి, ఆదివారం రాత్రి వాళ్ళ సపోర్ట్ ఫోన్ ఎత్తరు.

నా చేతిమీద జరిగిన ఒక మార్పులో అన్నీ బాగానే వచ్చాయి, ఫైళ్ళు, లాగిన్లు, డేటాబేస్, అన్నీ చెక్ చేశాం. సోమవారం పదింటికి ఒకావిడ వచ్చి "స్కాన్ చేసినవి ఫోల్డర్‌లోకి రావట్లేదండీ" అంది. ఆ స్కానర్ నెట్‌వర్క్‌లో ఫైళ్ళు పంచుకునే పాత ప్రోటోకాల్ ఎస్ఎంబీ 1 తప్ప ఇంకో భాష రానిది, కొత్త విండోస్ సర్వర్లలో ఆ ప్రోటోకాల్ ఇన్‌స్టాలే అయి ఉండదు, మంచిదే, వన్నాక్రై దూరింది ఆ దార్లోనే. పైగా స్కానర్ అడ్రస్ బుక్‌లో పాత సర్వర్ ఐపీ నేరుగా కొట్టి ఉంది, పేరు కాదు. రెండు నిమిషాల్లో ఎస్ఎంబీ 1 ఆన్ చేసేస్తే పని అయిపోయేది, అందరూ అదే అడిగారు కూడా. చేయలేదు. ముందు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉందేమో చూశాం, లేదు, అప్పుడు స్కాన్‌లు మెయిల్‌కి వెళ్ళేలా మార్చాం, రోజంతా పట్టింది. ఒక పాత స్కానర్ కోసం అందరి ఫైళ్ళూ ఉన్న సర్వర్‌కి ఆ తలుపు తీయడం నేను ఇప్పటికీ ఒప్పుకోను. కానీ నెట్‌స్టాట్ లిస్టులో ఆ స్కానర్ ఐపీ ముందే కనపడింది, "ఏదో ప్రింటర్ అయ్యుంటుంది" అని వదిలేశాం. అది తప్పు, లిస్టులో గుర్తుపట్టని అడ్రస్ ఒక్కటి మిగిలినా మెషిన్ ముందుకెళ్ళి నిలబడి అదేంటో తేల్చుకోవాలి.

పేర్ల సంగతి కూడా ఇందులోదే. పాత సర్వర్ పేరు ఆఫీసంతా పాకిపోయి ఉంటుంది, డెస్క్‌టాప్ షార్ట్‌కట్లలో, ఒక ఎక్సెల్ షీట్ నుంచి ఇంకో షీట్‌కి ఉన్న లింకుల్లో, ఏదో ప్రోగ్రామ్ సెట్టింగ్ ఫైల్లో. కొత్త సర్వర్‌కి కొత్త పేరు పెట్టి, పాత పేరుని ఎలియాస్‌గా, అంటే మారుపేరుగా, దానివైపు తిప్పడం నాకు ఇష్టమైన దారి. ఊరికే డీఎన్ఎస్‌లో ఎలియాస్ రాస్తే సరిపోదు, ఆ పేరు కూడా తనదేనని కొత్త సర్వర్‌కి తెలియాలి, నెట్‌డామ్ కమాండ్‌తో ప్రత్యామ్నాయ పేరుగా చేర్చాలి, లేకపోతే పింగ్ వస్తుంది గానీ షేర్ తెరుచుకోదు. మార్పుకి ముందురోజు ఆ డీఎన్ఎస్ రికార్డు టీటీఎల్‌ని, అంటే కంప్యూటర్లు దాన్ని గుర్తుంచుకునే గడువుని, 5 నిమిషాలకి తగ్గించి పెట్టుకుంటే కంప్యూటర్లు పాత అడ్రస్‌ని గంటల తరబడి పట్టుకు వేలాడవు.

ఫైళ్ళ కాపీ విషయానికొస్తే, 1 గిగాబిట్ నెట్‌వర్క్ మీద సెకనుకి 110 మెగాబైట్ల దాకా వెళ్తుంది, పెద్ద పెద్ద ఫైళ్ళయితే ఒక టెరాబైట్‌కి రెండున్నర గంటలు. అదే లక్షల కొద్దీ చిన్న ఫైళ్ళుంటే ప్రతిదానికీ తెరవడం, పర్మిషన్లు రాయడం, మూయడం ఉంటుంది కాబట్టి ఈ లెక్క ఎందుకూ పనికిరాదు, మూడు నాలుగింతలు పట్టినా ఆశ్చర్యపోవద్దు. అందుకే ఒకే రాత్రిలో మొత్తం కాపీ పెట్టుకోవద్దు, వారం ముందే విండోస్‌లోనే ఉండే రోబోకాపీ కమాండ్‌తో మొదటి విడత చేసేయండి, రోజూ రాత్రి మళ్ళీ నడపండి, మారినవి మాత్రమే వస్తాయి, అసలు రోజున ఆఖరి విడత నిమిషాల్లో అయిపోతుంది. లినక్స్‌లో ఆర్‌సింక్‌తో ఇదే పద్ధతి. రోబోకాపీలో రెండు జాగ్రత్తలు. ఒకటి, ఎవరో తెరిచి పెట్టిన ఫైల్ తగిలితే అది మామూలుగా 10 లక్షల సార్లు, 30 సెకన్లకోసారి మళ్ళీ ప్రయత్నిస్తుంది, అంటే తెల్లారేదాకా ఆ ఒక్క ఫైల్ దగ్గరే ఆగిపోయి ఉంటుంది, కాబట్టి ప్రయత్నాలు ఒకటికో రెండుకో తగ్గించి లాగ్ రాయించండి. రెండు, మిర్రర్ స్విచ్ వాడితే సోర్స్‌లో లేనివన్నీ అవతల చెరిపేస్తుంది, సోర్సూ డెస్టినేషనూ తారుమారు చేశారా ఖాళీ ఫోల్డర్ వచ్చి నిండు ఫోల్డర్‌ని తుడిచేస్తుంది. జనం కొత్తదాంట్లో పని మొదలుపెట్టాక ఆ కమాండ్ ఉన్న షెడ్యూల్ ఇంకా నడుస్తూ ఉంటే కూడా అంతే, పొద్దున్న చేసిన పని రాత్రికి మాయం. మార్పు అయిన మరుక్షణం ఆ టాస్క్ తీసేయండి.

పర్మిషన్లలో ఇంకో చిక్కు. డొమైన్ గ్రూపులకి ఇచ్చినవి చక్కగా వస్తాయి, పాత సర్వర్ మీద లోకల్‌గా చేసిన యూజర్లకీ గ్రూపులకీ ఇచ్చినవి మాత్రం కొత్తదాంట్లో ఎస్ అక్షరంతో మొదలయ్యే పొడవాటి నంబర్లుగా కనపడతాయి, ఎందుకంటే ఆ మనుషులు ఆ పాత మెషిన్‌కి మాత్రమే తెలుసు. షేర్ మీద ఇచ్చిన పర్మిషన్లు కూడా ఫైళ్ళతో పాటు రావు, వేరుగా పెట్టాలి. షేర్‌కి ఒక నియమం, ఫోల్డర్‌కి ఒక నియమం ఉండి రెండిట్లో బిగుతుగా ఉన్నదే చెల్లుతుందన్నది చాలాసార్లు మన బుర్ర తినేది.

డేటాబేస్‌కి ఒక్క సూత్రం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి, పైకి వెళ్ళొచ్చు, కిందకి రాలేం. ఎస్‌క్యూఎల్ సర్వర్ పాత వెర్షన్ బ్యాకప్ కొత్తదాంట్లో రీస్టోర్ అవుతుంది, కొత్తదాంట్లో తీసిన బ్యాకప్ పాతదాంట్లోకి వెళ్ళదు. రీస్టోర్ అయ్యాక లాగిన్లు విడిగా ఉంటాయి కాబట్టి డేటాబేస్ లోపలి యూజర్లు అనాథలుగా మిగులుతారు, వాళ్ళని కొత్త లాగిన్లకి మళ్ళీ కలపాలి. డేటాబేస్ ఏ వెర్షన్ తీరులో నడవాలో చెప్పే కంపాటిబిలిటీ లెవెల్‌ని మొదట పాతదాంట్లోనే ఉంచండి, కొన్ని వారాలు చూసి అప్పుడు పెంచండి, ఇది కూడా ఒకసారికి ఒకే మార్పు అన్న లెక్కే. మైఎస్‌క్యూఎల్ 8కి వెళ్తే లాగిన్ పద్ధతి డిఫాల్ట్ మారింది, పాత క్లయింట్ ప్రోగ్రామ్‌లు కనెక్ట్ కాకపోవచ్చు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడేవాళ్ళకి దాగుడుమూతల ప్రమాదం ఒకటుంది, సెంటోస్ 7 లాంటి పాత లినక్స్ నుంచి కొత్తదానికి డేటా డైరెక్టరీని యథాతథంగా తీసుకెళ్తే లినక్స్ మూల లైబ్రరీ అయిన జీలిబ్‌సీ 2.28లో అక్షరాల వరస నియమాలు మారాయి కాబట్టి టెక్స్ట్ ఇండెక్స్‌లు నిశ్శబ్దంగా తప్పు జవాబులిస్తాయి, ఎర్రర్ కూడా రాదు. డంప్ తీసి రీస్టోర్ చేస్తే ఇండెక్స్‌లు కొత్తగా కట్టుకుంటాయి, ఆ బాధ ఉండదు, లేదంటే రీఇండెక్స్ చేయాలి.

మెయిల్ ఇంకా సొంత సర్వర్ మీదే ఉంటే, మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్ ఎక్స్ఛేంజ్ 2016, 2019 రెండిటికీ 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది, చిన్న ఆఫీసు మళ్ళీ సొంత మెయిల్ సర్వర్ కట్టుకోవడం నాకైతే వద్దనిపిస్తుంది. దాన్ని ఈ మార్పులో కలపకుండా విడిగా చేయండి.

హార్డ్‌వేర్ గురించి ఎక్కువ చెప్పను. చిన్న తప్పుల్ని తనే సరిదిద్దుకునే ఈసీసీ మెమరీ, కరెంట్ పోయినా రాస్తున్న డేటా పోకుండా చూసుకునే ఎంటర్‌ప్రైజ్ రకం ఎస్ఎస్‌డీలు, అద్దం పట్టినట్టు రెండు డిస్కుల్లో ఒకే డేటా ఉండే రెయిడ్ 1 లేదా 10, ఒక మంచి యూపీఎస్. రెయిడ్ బ్యాకప్ కాదు, పొరపాటున డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి డిలీట్ అవుతుంది.

బ్యాకప్ మాత్రం అసలు పనికి ముందే రీస్టోర్ చేసి చూడాలి. దీనికి కొత్త మెషిన్ కన్నా మంచి చోటు దొరకదు, ఇంకా ఖాళీగా ఉంది కదా, ఆఫీసు నెట్‌వర్క్‌కి తగలకుండా విడిగా ఉంచి పాత సర్వర్ బ్యాకప్‌ని దాంట్లోకి లేపండి. విడిగా ఎందుకంటే అదే పేరు, అదే ఐపీతో రెండోది లేస్తే అసలుదానితో కొట్టుకుంటుంది. ఇది లేచి, అకౌంట్స్ తెరుచుకుని, నిన్నటి ఎంట్రీ కనపడిందంటే అప్పుడే తేదీ ఖరారు చేయండి. లేవకపోతే మార్పు ఆపి ముందు అది సరిచేయండి, ఎందుకంటే ఈ ఆఫీసుకి ఇన్నాళ్ళూ బ్యాకప్ లేదని ఇప్పుడే తెలిసింది.

ఇక ఆ రాత్రి. పాత షేర్లన్నిటినీ రీడ్-ఓన్లీ చేయండి, ఇంట్లోంచి ఎవరైనా కనెక్ట్ అయి ఉంటే ముందే ఫోన్ చేసి చెప్పండి, ఆఖరి విడత కాపీ, డేటాబేస్ ఆఖరి బ్యాకప్, పేరు తిప్పడం, ఒక్కో విభాగం నుంచి ఒక్కో మామూలు యూజర్ అకౌంట్‌తో లాగిన్ అయి చూడటం. అడ్మిన్ అకౌంట్‌తో చూస్తే అన్నీ తెరుచుకుంటాయి, దానికి విలువ లేదు. "తేడా వస్తే వెనక్కి వెళ్ళిపోదాం" అని అందరం అంటాం గానీ ఆ వెనక్కి వెళ్ళే దారికి ఆయుష్షు చాలా తక్కువ. సోమవారం పొద్దున్న మొదటి మనిషి కొత్త సర్వర్‌లో మొదటి బిల్లు కొట్టేదాకే అది ఉచితం, ఆ తర్వాత వెనక్కి వెళ్ళాలంటే ఆ కొత్త ఎంట్రీల్ని చేత్తో మోసుకెళ్ళాలి, డేటాబేస్ వెర్షన్ కూడా మారి ఉంటే బ్యాకప్‌తో మోసే దారి కూడా లేదు. అందుకే ఆదివారం మధ్యాహ్నం రెండింటికి అని ఒక టైమ్ ముందే కాగితం మీద రాసుకోండి, అప్పటికి ఫలానా ఫలానా పనిచేయకపోతే వెనక్కే, చర్చల్లేవు అని. అలిసిపోయిన మనిషి రాత్రి పన్నెండింటికి "ఇంకొక్క గంట చూద్దాం" అంటూనే ఉంటాడు. మెషిన్ మార్పొక్కటే పెట్టుకున్న రోజున ఈ నిర్ణయం తేలిక, పాతదాన్ని ఆన్ చేస్తే చాలు.

పాత మెషిన్‌ని వెంటనే తుడిచేయొద్దు. ఆఫ్ చేసి, కేబుల్ తీసి, మీద తేదీ రాసి కనీసం రెండు నెలాఖరులు దాటేదాకా పక్కన ఉంచండి. డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఉంటే దాని రికవరీ కీ ఆ మెషిన్‌లోనే కాకుండా బయట కూడా ఉందో లేదో ఆఫ్ చేసే ముందే చూడండి.

సోమవారం రాత్రి బ్యాకప్ సంగతి అందరూ మర్చిపోతారు. పాత బ్యాకప్ జాబ్ పాత సర్వర్ పేరుతోనే రాసి ఉంటుంది, అది ఆఫ్‌లో ఉంది కాబట్టి ఫెయిల్ అవుతుంది, లేదా ఎలియాస్ పుణ్యమా అని షేర్ల వరకు తీసేసుకుని డేటాబేస్‌ని వదిలేసి సక్సెస్ అని మెసేజ్ పంపుతుంది, ఈ రెండోది ఇంకా ప్రమాదం. కొత్త సర్వర్‌కి కొత్త జాబ్ రాయండి, వర్చువల్ మెషిన్లు మొత్తంగా, డేటాబేస్ విడిగా, ఒక కాపీ ఆఫీసు బయట. మంగళవారం పొద్దున ఆఫీసుకి రాగానే సోమవారం తయారైన ఫైల్ ఏదైనా ఒకటి ఆ బ్యాకప్‌లోంచి తీసి తెరిచి చూడండి, డేటాబేస్‌ని వేరే పేరుతో రీస్టోర్ చేసి సోమవారం ఆఖరి బిల్లు అందులో ఉందో లేదో చూడండి.